తెల్లవారుజామున 3 గంటలకు రక్తంలో చక్కెర

ఇన్సులిన్ సూదులపై ఆధారపడిన మధుమేహ రోగికి రోజు మొత్తంలో అన్నింటికన్నా పొడవైన నిరాహార సమయం రాత్రి నిద్రే. ఆ ఏడెనిమిది గంటలలో ఆహారం అందదు, పరీక్ష జరగదు, శరీరంలో కలిగే మార్పును గుర్తించి చెప్పవలసిన వ్యక్తి తానే నిద్రలో ఉంటారు. అయినా మరునాడు వైద్యుడి ముందుకు చేరే సమాచారం చాలా సందర్భాలలో ఒకే ఒక్క సంఖ్య, అంటే పరగడుపున చూసిన షుగర్ విలువ. అది ఎక్కువగా వస్తే రాత్రి సూదిలో రెండు యూనిట్లు పెంచుకోవడం, తక్కువగా వస్తే రెండు తగ్గించుకోవడం ఎందరి ఇళ్ళలోనో అలవాటుగా స్థిరపడింది. పరగడుపు విలువ రాత్రి చివరి క్షణాన్ని మాత్రమే తెలుపుతుంది. అంతకుముందు గడిచిన గంటలలో చక్కెర ఎంత ఎక్కిందో, ఎంత దిగిందో అది చెప్పలేదు. మధ్యరాత్రి ఏం జరిగిందో చూడకుండా రాత్రి మోతాదును మార్చడం ప్రమాదకరమనేదే ఈ ప్రసంగంలో ప్రతిపాదిస్తున్న ముఖ్య విషయం.

ఆరోగ్యవంతుల శరీరంలో రాత్రి వేళ చక్కెరను నిలకడగా ఉంచే బాధ్యత ప్రధానంగా కాలేయానిది. ఏ క్షణానికైనా మొత్తం రక్తంలో కరిగి ఉండే గ్లూకోజ్ సుమారు 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచాడు పంచదార. నిద్రలో కూడా పనిచేస్తూనే ఉండే మెదడుకు ఒక్కదానికే అది దాదాపు గంటసేపటి ఖర్చు. అందుకే కాలేయం పగటి భోజనాల నుంచి గ్లైకోజెన్ అనే రూపంలో దాచుకున్న సుమారు 100 గ్రాముల నిల్వను, రైతు కుటుంబం గాదెలోని గింజలను ఏ పూటకు ఆ పూట కొలుచుకుని తీసుకున్నట్లు, కొద్దికొద్దిగా రక్తంలోకి విడిచిపెడుతుంది. ఈ విడుదల హద్దు మీరకుండా చూసేది క్లోమ గ్రంథి రాత్రంతా సన్నగా స్రవించే ఇన్సులిన్. భోజనంతో నిమిత్తం లేని ఈ మూల స్రావాన్ని వైద్యులు బేసల్ ఇన్సులిన్ అంటారు. చక్కెర ఏమాత్రం తగ్గినా ఆరోగ్యవంతమైన క్లోమం ఆ స్రావాన్ని తగ్గించివేసి, కాలేయం నుంచి చక్కెరను విడుదల చేయించే గ్లూకగాన్ అనే మరో హార్మోన్‌ను పంపుతుంది. సూది ద్వారా చర్మం కింద చేరిన ఇన్సులిన్‌కు ఈ సర్దుబాటు చేతకాదు. ఒకసారి లోపలికి వెళ్ళిన మోతాదు, రక్తంలో చక్కెర 200 ఉన్నా 60 ఉన్నా, తన స్వభావం నిర్దేశించిన వేగంతోనే రక్తంలో కలుస్తుంది, తన వ్యవధి ముగిసేవరకు పనిచేస్తూనే ఉంటుంది. ఈ ప్రసంగంలో వచ్చే చక్కెర విలువలన్నీ గ్లూకోమీటర్లు చూపే విధంగా, డెసిలీటరు రక్తానికి మిల్లీగ్రాములలో చెప్పినవని శ్రోతలు గమనించాలి.

1922 జనవరిలో కెనడాలోని టొరంటో నగరంలో లియొనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ళ బాలుడికి తొలిసారి ఇన్సులిన్ ఇచ్చిన నాటి నుంచి, రాత్రిని దాటించడం వైద్యులకు ప్రత్యేక సమస్యగానే ఉంటూ వచ్చింది. ఆనాటి ఇన్సులిన్ ప్రభావం కొన్ని గంటలకే ముగిసిపోయేది. రాత్రి భోజనానికి ముందు వేసిన సూది తెల్లవారేదాకా పనిచేసేది కాదు. డెన్మార్క్‌కు చెందిన వైద్యుడు హాన్స్ క్రిస్టియన్ హాగెడార్న్ 1936లో చేపల నుంచి లభించే ప్రోటమీన్ అనే ప్రోటీన్‌ను కలిపి, ఇన్సులిన్ చర్మం కింద నెమ్మదిగా కరిగే మార్గాన్ని కనిపెట్టారు. 1946లో ఆయన ప్రయోగశాలలోనే రూపొందిన ఎన్‌పీహెచ్ ఇన్సులిన్ ఇప్పటికీ ప్రపంచమంతటా వాడుకలో ఉంది. తెల్లగా, పాలలాగా కనిపించే ఈ మందు వేసుకున్న నాలుగు నుంచి ఎనిమిది గంటల మధ్య ఉచ్ఛస్థితికి చేరి, ఆ తరువాత క్రమంగా సన్నగిల్లుతుంది. 2000లో వాడుకలోకి వచ్చిన గ్లార్జిన్, ఆ తరువాత వచ్చిన డెగ్లుడెక్ వంటివి అటువంటి ఉచ్ఛస్థితి పెద్దగా లేకుండా సమంగా పనిచేస్తాయి. గ్లార్జిన్ ప్రభావం సుమారు ఒక రోజు ఉంటే, డెగ్లుడెక్ ప్రభావం 42 గంటలకు మించి ఉంటుంది.

అయితే మన దేశంలో ఎక్కువమంది వాడుతున్నది ఈ కొత్త మందులు కావు. 30 పాళ్ళు త్వరగా పనిచేసే సాధారణ ఇన్సులిన్, 70 పాళ్ళు ఎన్‌పీహెచ్ కలిపి ఒకే సీసాలో వచ్చే మిశ్రమ ఇన్సులిన్‌ను ఉదయం ఒకసారి, రాత్రి భోజనానికి ముందు ఒకసారి వేసుకునే పద్ధతి ప్రభుత్వ ఆసుపత్రుల నుంచి ఊళ్ళలోని మందుల షాపుల వరకు అంతటా కనిపిస్తుంది. ధర తక్కువ, సూదులు రెండే, నేర్చుకోవడం సులువు. కనుక దానిని తీసిపారేయవలసిన పని లేదు. కానీ దాని కాలక్రమాన్ని గడియారం మీద పెట్టి చూస్తే చిక్కు ఎక్కడుందో తెలుస్తుంది. రాత్రి 8 గంటలకు సూది వేసుకుంటే అందులోని సాధారణ ఇన్సులిన్ 10 నుంచి 12 గంటల మధ్య, ఎన్‌పీహెచ్ భాగం 12 నుంచి తెల్లవారుజాము 4 గంటల మధ్య బలంగా పనిచేస్తాయి. సరిగ్గా ఆ సమయంలోనే, అంటే అర్ధరాత్రి దాటిన తరువాత రెండు మూడు గంటలపాటు, శరీరానికి కావలసిన ఇన్సులిన్ రోజంతటిలోకీ అతి తక్కువ. అవసరం లేనప్పుడు మందు పుష్కలంగా ఉండి, అవసరం పెరిగే వేకువకు అది తరిగిపోవడం ఈ పద్ధతికి పుట్టుకతో వచ్చిన లోపం. అందుకే కొందరికి వైద్యులు ఆ రెండింటినీ విడదీసి, సాధారణ ఇన్సులిన్‌ను భోజనానికి ముందు, ఎన్‌పీహెచ్‌ను పడుకోబోయే ముందు 10, 11 గంటల వేళ వేసుకోమంటారు. అప్పుడు దాని బలం వేకువ గంటలకు సరిపోతుంది. ఇంత చిన్న సమయ మార్పు కొత్త మందు కొనడంకన్నా ముందుగా ఆలోచించదగినది.

వేకువన అవసరం ఎందుకు పెరుగుతుందన్నది తెలుసుకోవలసిన విషయం. సుమారు 3 గంటల నుంచి 8 గంటల మధ్య శరీరం మేలుకోవడానికి సిద్ధమవుతూ కార్టిసాల్‌ను ఎక్కువగా విడుదల చేస్తుంది, అంతకుముందు గాఢనిద్రలో వెలువడిన గ్రోత్ హార్మోన్ ప్రభావం కూడా అప్పటికి కనబడుతుంది; ఈ రెండూ ఇన్సులిన్ పనికి అడ్డుపడి, కాలేయం చేత మరింత చక్కెరను విడుదల చేయిస్తాయి. క్లోమం పనిచేసే వారిలో అది కొంచెం ఎక్కువ ఇన్సులిన్ స్రవించి లెక్క సరిచేస్తుంది. సూదిపై ఆధారపడిన వారిలో మాత్రం రాత్రి ఏమీ తినకపోయినా ఉదయానికి చక్కెర పెరిగి కనిపిస్తుంది. వైద్యులు దీనిని డాన్ ఫినామినన్ అంటారు. తెలుగులో తెల్లవారుజాము పెరుగుదల అనుకోవచ్చు. రాత్రి అన్నం మానేసినా పొద్దున షుగర్ ఎందుకు ఎక్కువ వస్తుందో అర్థం కాక తమను తాము, ఒకరినొకరు నిందించుకునే కుటుంబాలకు ఈ సంగతి తెలియడం చాలా అవసరం.

ఉదయపు పెరుగుదలకు మరో వివరణ కూడా ఉంది. హంగరీలో పుట్టి అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో పనిచేసిన జీవరసాయన శాస్త్రవేత్త మైఖేల్ సోమోగీ 1938లో, ఇన్సులిన్ ఎక్కువై రాత్రి చక్కెర పడిపోతే శరీరం ప్రతిస్పందనగా హార్మోన్లను విడుదల చేసి ఉదయానికి దానిని పైకి ఎగదోస్తుందని ప్రతిపాదించారు. ఈ సిద్ధాంతం దశాబ్దాలపాటు పాఠ్యపుస్తకాలలో స్థిరంగా నిలిచింది. దాని ఆధారంగానే పరగడుపు విలువ ఎక్కువగా ఉన్న ఎందరికో రాత్రి ఇన్సులిన్ తగ్గించారు. చక్కెరను రాత్రంతా ఎడతెగకుండా నమోదు చేసే పరికరాలు వచ్చాక జరిగిన పరిశీలనలు మాత్రం దీనిని పెద్దగా సమర్థించలేదు. మధ్యరాత్రి చక్కెర పడిపోయిన తరువాత ఉదయపు విలువ ఎక్కువ సందర్భాలలో తక్కువగానే ఉంటుందని, ఉదయం పెరుగుదలకు ప్రధాన కారణాలు రాత్రి మందు ప్రభావం ముందే ముగియడం, వేకువ హార్మోన్లు, ఆలస్యంగా చేసిన భారీ భోజనమేనని అవి చూపాయి. పడిపోయిన తరువాత ఎక్కిన సందర్భాలలో కూడా, భయంతో మిఠాయిలు, అరటిపళ్ళు, అన్నం ఒకదాని వెంట ఒకటి తినడమే తరచుగా కారణం.

దీనినిబట్టి ఒక అలవాటైన అభిప్రాయాన్ని మార్చుకోవలసి ఉంది. పరగడుపు విలువ 190 వస్తే కంగారుపడి, 72 వస్తే అదుపులో ఉందని సంతోషించడం సహజం. కానీ ఇన్సులిన్ వాడేవారిలో రాత్రి ప్రమాదాన్ని ఎక్కువగా సూచించేది ఆ 72. ఉదయానికి అంత తక్కువగా ఉన్న చక్కెర అంతకుముందు ఇంకా కిందికి దిగి ఉండవచ్చు. 190 వచ్చిన రోజున కూడా కారణం ఒక్కటే కానక్కరలేదు. పడుకునేటప్పుడే 200 ఉండి రాత్రంతా అలాగే కొనసాగితే తప్పు రాత్రి భోజనంలోనో, దానికి వేసుకున్న మోతాదులోనో ఉంది. పడుకునేటప్పుడు 130, తెల్లవారుజామున 3 గంటలకు 125 ఉండి, ఆ తరువాత 190కి చేరితే అది మందు తరగడం లేదా వేకువ పెరుగుదల. 3 గంటలకు 55 ఉంటే అది పూర్తిగా వేరే సంగతి. అప్పుడు ఉదయపు సంఖ్యను చూసి రాత్రి మోతాదు పెంచడం ప్రాణం మీదికి తేగలదు. ఒకే సంఖ్య వెనుక పరస్పరం విరుద్ధమైన చికిత్సలు కోరే మూడు పరిస్థితులు ఉన్నప్పుడు, వాటిని వేరుచేయగల సాధనం పడుకునే ముందు, 3 గంటలకు, పరగడుపున తీసిన మూడు విలువలే. ఇది కొత్త ఆలోచన కాదు. అమెరికా, కెనడా దేశాలలో 1983 నుంచి 1993 వరకు 1,441 మంది టైప్ 1 మధుమేహ రోగులతో జరిగిన డీసీసీటీ అనే ప్రసిద్ధ అధ్యయనంలో, కట్టుదిట్టమైన చికిత్స పొందిన వారందరూ వారానికొకసారి తెల్లవారుజాము 3 గంటలకు పరీక్ష చేసుకోవాలనీ, ఆ విలువ 65కు పైన ఉండాలనీ నియమం పెట్టారు.

ఆ అధ్యయనం రెండు విషయాలను ఒకేసారి రుజువు చేసింది. చక్కెరను గట్టిగా అదుపులో ఉంచితే కళ్ళు, మూత్రపిండాలు, నరాలు దెబ్బతినడం బాగా తగ్గుతుంది. అదే సమయంలో, మరొకరి సహాయం లేనిదే కోలుకోలేనంతగా చక్కెర పడిపోయే ఘటనలు సుమారు మూడు రెట్లు పెరుగుతాయి. అటువంటి ఘటనలలో సగానికి పైగా, 55 శాతం, నిద్రలోనే జరిగాయి. దీనికి కారణం శరీర ధర్మంలోనే ఉంది. చక్కెర 70 కన్నా తగ్గడాన్ని హైపోగ్లైసీమియా అంటారు, వాడుకలో లో షుగర్ అంటారు. 54 కన్నా తగ్గితే తీవ్రమైనదిగా లెక్క. మెలకువలో ఉన్నవారికి అప్పుడు చెమటలు పడతాయి, చేతులు వణుకుతాయి, గుండె దడదడలాడుతుంది, ఆకలి వేస్తుంది. ఇవన్నీ అడ్రినలిన్ అనే హార్మోన్ పంపే హెచ్చరికలు. నిద్రలో ఆ హార్మోన్ స్పందన మందగిస్తుంది, అందువల్ల చక్కెర పడిపోయినా చాలామందికి మెలకువ రాదు. టైప్ 1 మధుమేహంలో కొన్నేళ్ళకే గ్లూకగాన్ రక్షణ కూడా లోపిస్తుంది. పదేపదే లో షుగర్ వచ్చేవారిలో హెచ్చరిక లక్షణాలు మెలకువలో సైతం కనబడకుండా పోతాయి. అటువంటి వారిలో కొన్ని వారాలపాటు లో షుగర్ రాకుండా కాపాడగలిగితే ఆ హెచ్చరికలు కొంతవరకు తిరిగి వస్తాయన్నది ఆశాజనకమైన విషయం.

రాత్రి లో షుగర్‌ను ముందుగా గుర్తించగలిగేది తరచుగా ఇంట్లోని వారే. దుప్పటి, బట్టలు తడిసేంత చెమట, పీడకలలు, నిద్రలో కేకలు వేయడం, ఉదయం లేవగానే తలనొప్పి, ఎంత పడుకున్నా అలసట తీరకపోవడం, మాటలో తడబాటు వంటివి కనిపిస్తే అలసిపోయారనో, వయసు మీద పడిందనో సరిపెట్టుకోకుండా అదే క్షణంలో గ్లూకోమీటర్ తీయాలి. పిల్లలు దూరదేశాలలో స్థిరపడి, ఇంట్లో ఇద్దరే మిగిలిన వృద్ధ దంపతులలో ఒకరు ఇన్సులిన్‌పై ఉంటే, ఈ లక్షణాలు రెండవవారికి కంఠస్థం కావాలి.

చక్కెర రాత్రి పడిపోవడానికి బీజం చాలాసార్లు పగలే పడుతుంది. నాట్లు వేసిన రోజున, కలుపు తీసిన రోజున, పెళ్ళి పనులలో రోజంతా నిలబడి తిరిగిన రోజున కండరాలు తమ ఖర్చయిన నిల్వలను నింపుకోవడానికి రాత్రంతా రక్తంలోని చక్కెరను లాక్కుంటూనే ఉంటాయి. శ్రమ చేసిన పది, పన్నెండు గంటల తరువాత లో షుగర్ రావడానికి ఇదే కారణం. మద్యం కాలేయం కొత్తగా చక్కెర తయారుచేసుకునే పనిని అడ్డుకుంటుంది. ఖాళీ కడుపుతో తాగి, సూది వేసుకుని, అన్నం తినకుండా పడుకోవడం అన్నింటికన్నా ప్రమాదకరమైన కలయిక, పైగా చుట్టుపక్కలవారు అపస్మారకాన్ని మత్తుగా పొరబడతారు. ఏకాదశి, శివరాత్రి ఉపవాసాలు చేసేవారు, రంజాన్ రోజాలు పాటించేవారు మోతాదుల గురించి ముందుగానే వైద్యుడితో మాట్లాడుకోవాలి. మూత్రపిండాలు దెబ్బతిన్నవారిలో ఇన్సులిన్ శరీరంలో ఎక్కువసేపు నిలిచిపోతుంది కనుక, ఏళ్ళ తరబడి సరిపోయిన మోతాదే ఒకనాడు ఎక్కువైపోతుంది.

సూది వేసుకునే తీరులోని పొరపాట్లు కూడా తక్కువేమీ కావు. మన దేశంలో సీసాలలో వచ్చే ఇన్సులిన్ ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్లది, పెన్నులలో వచ్చేది 100 యూనిట్లది. సిరంజీలు కూడా ఆ రెండు కొలతలలోనూ దొరుకుతాయి. 100 యూనిట్ల మందును 40 యూనిట్ల సిరంజీతో తీస్తే శరీరంలోకి వెళ్ళేది అనుకున్నదానికి రెండున్నర రెట్లు. కాబట్టి సీసా మీది అంకె, సిరంజీ మీది అంకె ఒకటేనా కాదా అన్నది కొన్న ప్రతిసారీ చూడాలి. పాలలాగా ఉండే ఇన్సులిన్‌ను గట్టిగా కుదపకుండా, అరచేతుల మధ్య మెల్లగా దొర్లించి సమంగా కలపకపోతే ఒక రాత్రి పలచగా, ఒక రాత్రి చిక్కగా మందు వెళుతుంది. పొట్ట మీద ఒకేచోట పదేపదే పొడిస్తే చర్మం కింద కొవ్వు గడ్డలు కడతాయి. వాటిలో వేసిన మందు ఎప్పుడు, ఎంత రక్తంలో కలుస్తుందో చెప్పలేము, చోటు మార్చి మంచి చర్మంలో వేసిన రాత్రి అదే మోతాదు హఠాత్తుగా బలంగా పనిచేయవచ్చు. తెరవని సీసాలను ఫ్రిజ్‌లో, గడ్డకట్టని అరలో ఉంచాలి; ఫ్రిజ్ లేని ఇళ్ళలో, ముఖ్యంగా మన ఎండాకాలంలో, తడి ఇసుకలో పెట్టిన మట్టికుండలో ఉంచడం మేలు.

పడుకునే ముందు చక్కెర చూసుకోవడం ఇన్సులిన్ వాడేవారికి దంతధావనమంత నియమం కావాలి. చాలామంది పెద్దలకు ఆ వేళ 100 నుంచి 150 మధ్య ఉండటం సరైనది. వృద్ధులకు, గుండె జబ్బు ఉన్నవారికి, ఒంటరిగా నివసించేవారికి వైద్యులు 180 వరకు అనుమతిస్తారు. 100 కన్నా తక్కువ ఉంటే ఒక గ్లాసు పాలు, రెండు బిస్కెట్ల వంటిది ఏదైనా తీసుకునే పడుకోవాలి. ప్రతి రాత్రీ భయంతో తిని పడుకోవలసి వస్తుంటే మాత్రం మోతాదు ఎక్కువగా ఉన్నట్లే లెక్క. దానిని తిండితో కప్పిపుచ్చకుండా వైద్యుడికి చెప్పి తగ్గించుకోవాలి. భయంతో రాత్రి ఇన్సులిన్‌ను పూర్తిగా మానివేయడం మరొక అంచు. టైప్ 1 మధుమేహంలో అది రక్తం ఆమ్లమయమయ్యే కీటోఅసిడోసిస్ అనే ప్రాణాంతక స్థితికి దారితీస్తుంది.

రాత్రి లో షుగర్ వచ్చి రోగి మెలకువతో మింగగలిగే స్థితిలో ఉంటే మూడు చిన్న చెంచాల పంచదార లేదా గ్లూకోజ్ పొడి, అంటే సుమారు 15 గ్రాములు, నీళ్ళలో కలిపి ఇచ్చి, 15 నిమిషాల తరువాత మళ్ళీ పరీక్షించాలి. ఇంకా 70 దాటకపోతే అంతే మోతాదు మరోసారి ఇవ్వాలి. లడ్డూ, చాక్లెట్ వంటి వాటిలోని కొవ్వు చక్కెర రక్తంలో కలవడాన్ని ఆలస్యం చేస్తుంది, కనుక అవి ఈ అత్యవసరానికి పనికిరావు. చక్కెర కోలుకున్నాక కొంచెం పెరుగన్నమో, ఒక ఇడ్లీయో తింటే తెల్లవారేదాకా నిలుస్తుంది. స్పృహ లేకపోతే నోట్లో నీళ్ళు గాని, పంచదార గాని పోయకూడదు, అది ఊపిరితిత్తులలోకి పోతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టి వెంటనే 108కి ఫోన్ చేయాలి. గ్లూకోజ్ పొడి వంటగదిలో కాకుండా తలగడ పక్కనే, చీకట్లో చెయ్యి చాస్తే అందేచోట ఉండాలి.

చేతికి అతికించుకుంటే చర్మం కింది ద్రవంలో చక్కెరను రాత్రింబవళ్ళు కొలిచి, తగ్గినప్పుడు ఫోన్‌లో అలారం మోగించగల సెన్సర్లు ఇప్పుడు మన నగరాలలో దొరుకుతున్నాయి. ఆ చెయ్యి మీదకు ఒరిగి పడుకుంటే అవి లేని లో షుగర్‌ను చూపగలవు కనుక అనుమానం కలిగినప్పుడు వేలి రక్తంతో సరిచూసుకోవాలి. 2019లో అంతర్జాతీయ నిపుణులు అంగీకరించిన ప్రమాణం ప్రకారం చక్కెర 70 కన్నా తక్కువగా ఉండే సమయం రోజులో 4 శాతానికి, అంటే సుమారు గంటకు, మించకూడదు. వృద్ధులలో 1 శాతం కూడా దాటకూడదు. చక్కెర తగ్గితే ఇన్సులిన్‌ను తనంతట తానే ఆపే పంపులు కూడా ఉన్నాయి గాని, వాటి ధర ఇంకా సామాన్య కుటుంబాలకు అందుబాటులో లేదు. సెన్సర్ కొనలేని ఇంట్లో ఒక అలారం గడియారం, ఒక గ్లూకోమీటర్, కొన్ని స్ట్రిప్పులు ఆ పని చాలావరకు చేయగలవు.

ఇన్సులిన్ వాడుతున్న శ్రోతలు, వారి కుటుంబసభ్యులు రాబోయే వారంలో ఏవైనా మూడు రాత్రులు ఎంచుకుని, పడుకునే ముందు, తెల్లవారుజామున 3 గంటలకు, పరగడుపున తీసిన విలువలను, ఆ రోజు తిన్న భోజనాన్ని, చేసిన శ్రమను, సూది వేసుకున్న వేళను ఒక నోటుపుస్తకంలో రాసి తమ వైద్యుడికి చూపించాలి. 3 గంటలకు 70 కన్నా తక్కువ కనిపిస్తే ఆ క్షణమే పంచదార నీళ్ళు తీసుకుని, ఆ ఉదయమే వైద్యుడిని సంప్రదించాలి. మూడు రాత్రులు పూర్తయ్యేదాకా ఆగకూడదు.